తోడేలును చూసి మనిషి గుణం చెప్పవచ్చా?

గూటిపిట్ట · సోమవారం, రాత్రి 9:12

మొన్న మా ఆఫీసులో నాయకత్వం మీద రెండు రోజుల శిక్షణ పెట్టారు. శిక్షకుడు మొదటి రోజే తెర మీద తోడేలు బొమ్మ వేసి, ప్రతి గుంపులోనూ ఒక ఆల్ఫా ఉంటుందనీ, మిగతావి దానికి తల వంచుతాయనీ, ప్రకృతి నియమం ఇదేననీ చెప్పాడు. "మీరు ఆల్ఫాలా, కాదా?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. గంటన్నర ఇదే వరస. నా పక్కన కూర్చున్నాయన శ్రద్ధగా రాసుకున్నాడు కూడా.

నాకు రెండు సందేహాలు. తోడేళ్ల సంగతి అసలు నిజమేనా? నిజమే అనుకున్నా, తోడేలు అలా చేస్తుంది కనుక మనిషీ అలాగే చేయాలని ఎవరు తేల్చారు? జంతువుల ప్రవర్తనను చదివే ఇథాలజీ అనే శాస్త్రం ఉందని తెలుసు. అందులో మన గురించి ఏమి తేలిందో తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి. నేను చదివింది కామర్సు.

కప్పలమాస్టారు · సోమవారం, రాత్రి 10:05

ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి. ముందు తోడేళ్ల లెక్క తేలుద్దాం.

ఆ ఆల్ఫా కథకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశోధన. ఆయన చూసింది బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఒక ఆవరణలో బంధించిన తోడేళ్లను. పడకపోతే దూరంగా వెళ్లిపోదామన్నా వాటికి దారి లేదు. 1970లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ తోడేళ్ల మీద రాసిన పుస్తకంతో ఆ మాట జనంలోకి వెళ్లింది. తర్వాత అదే మెక్ కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో, 1986 నుంచి వేసవి తర్వాత వేసవి, అడవి తోడేళ్లను దగ్గర నుంచి గమనించారు. అక్కడ గుంపు అంటే ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలు. పిల్లలు ఎదిగాక జత వెతుక్కుంటూ వెళ్లిపోయి తమ కాపురం తాము పెట్టుకుంటాయి. కొట్లాడి గెలుచుకోవడానికి అక్కడ సింహాసనమేదీ లేదు. 1999లో ఆయనే వ్యాసం రాసి, అడవి గుంపులకు ఆల్ఫా అన్న మాట తగదని చెప్పారు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తల వెంట పడ్డారు కూడా.

చెప్పినాయనే మాట వెనక్కి తీసుకుని పాతికేళ్లు దాటింది. శిక్షణ తరగతులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

మిడతంభొట్లు · సోమవారం, రాత్రి 10:11

అంటే ఆల్ఫా అంటే "నాన్న" అన్నమాట. రేపటి నుంచి మా మేనేజరును జీతం పెంచమని అడగను, చేతి ఖర్చులకు డబ్బులు అడుగుతాను.

టామీవాళ్లమ్మ · సోమవారం, రాత్రి 10:40

తోడేళ్ల సంగతి నాకు తెలియదు. కుక్కకు మాత్రం తప్పు చేశానన్న బాధ ఉంటుందని ప్రమాణం చేసి చెబుతాను. మా టామీ చెప్పు కొరికిన రోజున నేను తలుపు తీయగానే చెవులు వాల్చి, తోక ముడిచి, నా కళ్లలోకి చూడకుండా మంచం కిందికి పోతాడు. అప్పటికి నేను చెప్పును చూసి కూడా ఉండను! దీన్ని ఏ శాస్త్రం కాదంటుంది?

నిశాచరి · సోమవారం, రాత్రి 11:58

కాదనదు, కాకపోతే పరీక్షించి చూస్తుంది. 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ చేసిన పని ఇదే. 14 కుక్కలు. యజమాని తినుబండారం చూపించి "తినకు" అని చెప్పి గది బయటికి వెళ్తారు. కొన్నిసార్లు అది కుక్క కడుపులోకి పోతుంది, కొన్నిసార్లు పోదు. తిరిగి వచ్చిన యజమానికి పరిశోధకులు కొన్నిసార్లు అబద్ధం చెబుతారు, తినని కుక్క తిన్నదని. కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానికీ ఆ దొంగ మొహానికీ పొంతన కుదరలేదు. యజమాని తిట్టాడా లేదా అన్నదానితోనే కుదిరింది. ఏ పాపమూ ఎరగకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది మరీ కొట్టొచ్చినట్టు కనబడింది.

మీరు చెప్పును చూడలేదు, నిజమే. టామీ చూశాడు కదా. కొరికిన చెప్పు నేల మీద ఉండగా అమ్మ లోపలికి వస్తే తిట్లు పడతాయని నేర్చుకుని ఉండవచ్చు. దానికి పశ్చాత్తాపం అక్కరలేదు. అలాగని పశ్చాత్తాపం లేదని రుజువైందా అంటే అదీ కాలేదు. ఆ మొహం సాక్ష్యంగా చెల్లదు, అంతవరకే.

టామీవాళ్లమ్మ · మంగళవారం, ఉదయం 6:30

మీ ఇంట్లో కుక్క ఉందా అసలు?

నిశాచరి · మంగళవారం, ఉదయం 7:02

రెండు ఉన్నాయి. రెండూ అదే మొహం పెడతాయి. నేనూ కరిగిపోతాను.

కప్పలమాస్టారు · మంగళవారం, ఉదయం 8:20

మన మిడతంభొట్లుగారి పేరు చూశాక ఒక గుర్రం గుర్తొచ్చింది. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే పెద్దాయన దగ్గర హాన్స్ అని ఒకటి ఉండేది. లెక్క అడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. యజమాని మోసగాడు కాడు, గుర్రానికి నిజంగానే లెక్కలు వచ్చని నమ్మాడు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు వచ్చి, అడిగేవాడికే జవాబు తెలియకుండా చూశాడు. గుర్రం తప్పింది. అడిగేవాడు కనబడకుండా చేశాడు. మళ్లీ తప్పింది. తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగేవాడి తల వెంట్రుకవాసి కదిలేది, హాన్స్ దాన్ని చూసి ఆగిపోయేది. 1907లో ఫుంగ్‌స్ట్ ఇదంతా పుస్తకంగా వేశాడు.

నాకు నచ్చిన భాగం తర్వాతది. ఫుంగ్‌స్ట్ తానే గుర్రం వేషం కట్టాడు. మనుషులను ఒక అంకె తలుచుకోమని, చేత్తో బల్లను తడుతూ, వాళ్ల తల కదలికను చూసి ఆగాడు. చాలామంది అంకెలను పట్టేశాడు. రహస్యం తెలిసినవాళ్లు కూడా ఆ కదలికను ఆపుకోలేకపోయారు! గుర్రాన్ని పరీక్షించబోతే మనిషి గుట్టు బయటపడింది. ఎవరికీ తెలియని సంగతి గుర్రం చూసింది కనుక, అది తెలివితక్కువదని మాత్రం నేను ఒప్పుకోను.

సందేహాలరావు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

అన్నింటికీ "నేర్చుకుంది, అంతే" అంటూ పోతే చివరికి జంతువు కీ ఇచ్చిన బొమ్మగా మిగులుతుంది. కింది స్థాయి వివరణ సరిపోయేచోట పై స్థాయి మానసిక శక్తిని అంటగట్టవద్దని లాయిడ్ మోర్గన్ 1894లో సూత్రం పెట్టాడు. మంచిదే. కానీ దాన్ని పట్టుకుని, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, జంతువులో మనసు అన్న మాటే ఎత్తకూడదన్నవాళ్లు ఉన్నారు. 1960లో చింపాంజీలను చదవడానికి టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లిన జేన్ గుడాల్ వాటికి అంకెలు కాకుండా పేర్లు పెడితేనే శాస్త్రం కాదన్నారు. ఆమె పేరు పెట్టిన డేవిడ్ గ్రేబియర్డే పుల్లతో పుట్టలోంచి చెదపురుగులను లాగి తిని, పనిముట్లు మనిషి సొత్తే అన్న నమ్మకాన్ని పడగొట్టాడు.

కోతులనూ చింపాంజీలనూ చదివిన ఫ్రాన్స్ డి వాల్ మరో మాట అన్నారు. జంతువుకు మనిషి గుణాలు అంటగట్టడం ఎంత తప్పో, ఉన్న పోలికను చూడనని కళ్లు మూసుకోవడమూ అంతే తప్పు. ఆయనా వాన్ రూస్మాలెనూ 1979లో చూపించింది ఇదీ: కొట్లాడుకున్న చింపాంజీలు కాసేపటికి మళ్లీ ఒకదాని దగ్గరికి ఒకటి చేరి, ముద్దు పెట్టుకుని రాజీ పడతాయి. దీన్ని "రాజీ" అనకుండా "ఘర్షణానంతర నోటి స్పర్శ" అంటే శాస్త్రం పెరుగుతుందా?

మిడతంభొట్లు · మంగళవారం, మధ్యాహ్నం 1:22

"ఘర్షణానంతర నోటి స్పర్శ"! ఇంట్లో చదివి వినిపించాను. ఇక ఈ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది.

గూటిపిట్ట · మంగళవారం, రాత్రి 8:45

అయితే పోలిక ఎప్పుడు నిజం, ఎప్పుడు మన ఊహ? చింపాంజీ రాజీ పడితే రాజీ అంటాం, కుక్క మొహం దించితే సాక్ష్యం చెల్లదంటాం. కొలత ఏమిటి?

కప్పలమాస్టారు · మంగళవారం, రాత్రి 11:20

అడగవలసిన ప్రశ్న అడిగారు. నిద్ర పట్టలేదు, పొడుగ్గా రాస్తాను.

నికో టిన్‌బర్గెన్ అని డచ్చి దేశస్థుడు. 1973లో కార్ల్ ఫాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఒక్క "ఎందుకు"లో నాలుగు ప్రశ్నలు దాగి ఉంటాయని 1963లో రాశాడు. పక్షి ఎందుకు పాడుతుంది? పగటి పొద్దు పెరిగి, ఒంట్లో హార్మోన్లు ఎక్కి, మెదడులో కొన్ని భాగాలు మేలుకుని పాడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు పెద్దదాని పాట విని నేర్చుకుంది కనుక పాడుతుంది. జతను పిలవడానికి, తన హద్దులోకి ఇంకో మగపక్షిని రానీయకుండా ఉండటానికి పాడుతుంది. దాని పూర్వీకుల వంశంలో ఆ విద్య పుట్టింది కనుక పాడుతుంది. నాలుగూ సరైన జవాబులే, ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. రెండు ప్రాణులు ఒకేలా ప్రవర్తిస్తున్నాయని ఎవరైనా అంటే, ఈ నాలుగింటిలో ఏది ఒకటి అని నిలదీయండి. మీ శిక్షకుడు మొదటిదానికే నీళ్లు నములుతాడు.

ఇంకో సంగతి. చుట్టరికం ఎంత దగ్గరైతే పోలిక అంత బాగుంటుందని అందరూ అనుకుంటారు. మాట నేర్చుకునే విషయంలో తలకిందులుగా ఉంది. కొత్త ధ్వనిని విని అనుకరించడంలో చింపాంజీ చాలా వెనకబడింది. జీబ్రా ఫించ్ అనే గుప్పెట్లో పట్టే పిట్ట, పిల్లగా పెద్దదాని పాట వింటుంది, కొన్నాళ్లు వచ్చీరాని కూతలు కూస్తుంది, మన పసివాళ్లు "బాబాబా, దాదాదా" అన్నట్టే. తర్వాత పాట కుదురుకుంటుంది. పసితనంలోనే వినికిడి పోతే ఆ కుదురు రాదు. ఒక కుటుంబంలో తరతరాలుగా మాట సరిగా పలకలేకపోవడానికి ఫాక్స్‌పీ2 అనే జన్యువులో లోపం కారణమని 2001లో తేలింది. జీబ్రా ఫించ్ మెదడులో పాట నేర్చుకునే చోట అదే జన్యువు పనిని తగ్గించి చూస్తే, ఆ పిట్టలు పాటను సరిగా అనుకరించలేకపోయాయని 2007లో తెలిసింది. మనకూ పక్షులకూ ఉమ్మడి పూర్వీకుడు 30 కోట్ల ఏళ్లకు ముందటివాడు. విని నేర్చుకునే విద్యను ఎవరి దారిన వారు సంపాదించుకున్నాం. పాత ఇంటి సామాను మాత్రం ఇద్దరికీ పనికొచ్చింది.

మనోవల్లి · బుధవారం, ఉదయం 10:10

మాస్టారికి దండం. నేను పిల్లల మనస్తత్వశాస్త్రం వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే జంతువుల చదువు మనుషుల బతుకును నిజంగా మార్చిన చోటు అదే.

పిల్లలను ముద్దు చేయవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే చేయి కలిపితే చాలని అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వవేత్త 1928లో తల్లిదండ్రులకు బోధించాడు. పాలిచ్చే చేయి కనుక బిడ్డ తల్లిని అంటిపెట్టుకుంటుందన్నది అప్పటి లెక్క. 1950ల చివర హారీ హార్లో రీసస్ కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. ఒకటి పాలసీసా ఉన్న ఇనుప తీగల తల్లి. రెండోది మెత్తటి గుడ్డ చుట్టిన తల్లి, దాని దగ్గర పాలు లేవు. పిల్లలు తీగల తల్లి దగ్గర పాలు తాగి, గుడ్డ తల్లిని కరుచుకుని గంటలు గడిపాయి. భయం వేస్తే పరుగెత్తింది కూడా గుడ్డ తల్లి దగ్గరికే. ఆ ప్రయోగాల్లో ఒంటరిగా పెరిగిన కోతుల ప్రవర్తన తీవ్రంగా దెబ్బతింది. ఆ సంగతి దాటేసి ఈ కథ చెప్పడం నాకు నచ్చదు.

అదే కాలంలో లండన్‌లో జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు, లోరెంజ్ గమనించిన బాతుల గురించి చదివాడు. గుడ్డులోంచి వచ్చిన తొలి గంటల్లో కదిలేది ఏది కనబడితే దాని వెంట పోయే పిల్లలు. అది చూసి "మనిషి బిడ్డకూ ఇంతే" అని రాసేయలేదు. పాలతో పనిలేని అనుబంధం ఒకటి మనలోనూ ఉందేమో అన్న అనుమానం మాత్రం తెచ్చుకున్నాడు. ఆ అనుమానాన్ని తీర్చడానికి మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండాలో, తర్వాత బాల్టిమోర్‌లో తల్లులనూ పిల్లలనూ వాళ్ల ఇళ్లలోనే నెలల తరబడి చూసింది. ప్రశ్న బాతు దగ్గర దొరికింది, జవాబు మనిషి దగ్గరే వెతికారు. గూటిపిట్టగారు కొలత అడిగారు కదా, నాకు తెలిసిన కొలత ఇదే.

బాటసారి · బుధవారం, మధ్యాహ్నం 12:30

ఇంత తిరుగుడు ఎందుకు? చింపాంజీ మన దగ్గరి చుట్టం. గోంబేలో 1974 నుంచి నాలుగేళ్లు ఒక గుంపు చీలి, పెద్ద వర్గం చిన్న వర్గంలోని మగవాటిని ఒక్కొక్కటిగా చంపేసింది. యుద్ధం మన రక్తంలోనే ఉంది. ఒప్పుకుంటే సరి.

నిశాచరి · బుధవారం, రాత్రి 11:30

సగం ఒప్పుకుంటాను. గుడాల్ ఆ చింపాంజీలకు అరటిపళ్లు పెట్టడం వల్లే అవి అలా తయారయ్యాయని చాలాకాలం వాదించారు. 2014లో 18 చింపాంజీ సమూహాల మీద యాభై ఏళ్ల సమాచారాన్ని ఒకచోట వేసి చూశారు. చూసినవి, ఆనవాళ్లను బట్టి తేల్చినవి, అనుమానించినవి కలిపి 152 హత్యలు. మనుషుల జోక్యం ఎక్కువున్న చోట ఎక్కువేమీ లేవు. అరటిపళ్ల వాదం నిలవలేదు.

కానీ అదే పరిశోధనలో చింపాంజీని పోలిన బొనొబో అనే ఇంకో వానరజాతి సమూహాలు కూడా 4 ఉన్నాయి. అక్కడ అనుమానించిన హత్య ఒక్కటి. బొనొబో మనకు చింపాంజీ ఎంత దగ్గరో అంతే దగ్గర. ఆ రెండూ విడిపోయింది మనం వేరైన చాలాకాలం తర్వాత. మీరు చింపాంజీ ఫొటో జేబులో పెట్టుకుంటే ఇంకొకరు బొనొబో ఫొటో పెట్టుకుంటారు. ఏ బంధువును పెళ్లికి పిలవాలో ముందే తేల్చుకుని వంశవృక్షం గీసినట్టు ఉంటుంది.

"ప్రకృతిలో ఉంది కనుక" అన్న వాదం మీద ఇంకొక్క మాట. 1970లలో సారా హర్డీ ఆబూ కొండ మీద కొండముచ్చులను చూసింది. గుంపును కొత్తగా చేజిక్కించుకున్న మగది అంతకుముందటి దాని పసిపిల్లలను చంపుతుంది. తల్లులు త్వరగా మళ్లీ ఎదకు వస్తాయి, దానికి సంతానం దక్కుతుంది. అంతవరకు దీన్ని ఇరుకు వల్ల వచ్చిన పిచ్చి అనుకున్నారు. ఆమె పరిణామ లెక్కలో పెట్టి చూపింది. ఇదీ ప్రకృతే. తెర మీద వేసి నాయకత్వ శిక్షణ ఇస్తారా?

కప్పలమాస్టారు · గురువారం, ఉదయం 7:45

నేను ఇష్టపడే మనిషి గురించి ఒక చేదు మాట చెప్పాలి. బాతుల వెనక బాతులా నడిచిన తెల్లగడ్డం లోరెంజ్ 1938లో నాజీ పార్టీలో చేరాడు. పెంపుడు జంతువుల్లో అడవి జాతి లక్షణాలు సడలిపోవడం ఆయన అభిమాన విషయం. 1940లో అదే తర్కాన్ని నాగరికతలో బతికే మనిషికి అంటించి, జాతి క్షీణిస్తోందనీ, పనికిరానివాళ్లను ఏరివేయాలనీ అర్థం వచ్చేలా రాశాడు. అదే యుద్ధంలో ఆయన స్నేహితుడు టిన్‌బర్గెన్ జర్మన్ల బందీగా శిబిరంలో ఉన్నాడు. ఆ రాతలకు లోరెంజ్ తర్వాత విచారం చెప్పాడు, స్నేహం నిలిచింది. అయినా 2015లో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకిచ్చిన గౌరవ డాక్టరేటును వెనక్కి తీసుకుంది.

తరగతిలో బాతుల ఫొటో చూపించిన ప్రతిసారీ ఇది చెప్పాలా వద్దా అని తటపటాయించేవాణ్ణి. చివరి పదేళ్లు చెప్పాను.

ఆలస్యంగా · గురువారం, రాత్రి 10:50

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయాలనిపించింది. మా అబ్బాయికి ఆటిజం. వాడి చిన్నప్పుడు ఒకాయన, తల్లి దగ్గరికి లాక్కుని వాడు ఎంత గింజుకున్నా వదలకుండా పట్టుకుంటే మామూలైపోతాడని చెప్పాడు. లోపం నా ప్రేమలో ఉందని కూడా అన్నాడు. మూడు నెలలు పట్టుకున్నాను. వాడు నన్ను చూస్తేనే వణికేవాడు.

ఆ సలహా వేర్లు వెతుక్కుంటూ పోతే మాస్టారు మెచ్చుకున్న టిన్‌బర్గెన్ కనబడ్డారు. పక్షుల్లో దగ్గరికి రావాలా, పారిపోవాలా అనే ఊగిసలాటను ఆయన చదివాడు. చూపు తప్పించే పిల్లల్లోనూ అదే ఉందనుకుని, 1973 నోబెల్ ఉపన్యాసంలో చాలా భాగం ఆటిజానికే ఇచ్చాడు. తర్వాత 1983లో భార్యతో కలిసి రాసిన పుస్తకంలో ఈ పట్టుకునే చికిత్సను సమర్థించాడు. ఆటిజంలో జన్యువుల పాత్ర ఎంత పెద్దదో తర్వాతి పరిశోధనలు చూపాయి. నాలుగు ప్రశ్నలు నేర్పిన మనిషి మా పిల్లల దగ్గరికి వచ్చేసరికి వాటిని అడగలేదు. మనోవల్లిగారు చెప్పిన రెండో సగం, జవాబు మనిషి దగ్గర వెతకడం, జరగలేదు.

ఇప్పుడు వాడికి పదిహేడేళ్లు. పట్టుకోమని వాడే అడిగినప్పుడు పట్టుకుంటాను.

కప్పలమాస్టారు · శుక్రవారం, ఉదయం 6:15

అమ్మా, ఇది నాకు తెలుసు. నాలుగు ప్రశ్నల గురించి రాసినప్పుడు చెప్పకుండా వదిలేశాను. వదలకుండా ఉండవలసింది.

గూటిపిట్ట · శనివారం, సాయంత్రం 5:40

నిన్న శిక్షణ రెండో విడత జరిగింది. మెక్ 1999 వ్యాసం సంగతి శిక్షకుడికి ముందే రాసి పంపాను. మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాడు. తెర మీద తోడేలు లేదు.

సింహం ఉంది.

కప్పలమాస్టారు · శనివారం, సాయంత్రం 6:02

ఆ గుంపులో వేటలో ఎక్కువ భాగం ఆడసింహాలదే అని చెప్పండి. ఆ కుర్చీలో కూర్చున్న మగసింహం రెండు మూడేళ్లకు మించి నిలవడమూ అరుదే. పదవీకాలం చూసుకుని ఒప్పుకోమనండి.

టామీవాళ్లమ్మ · ఆదివారం, రాత్రి 9:30

నేను ఇక్కడ అలిగి వెళ్లిపోయానని అనుకుంటున్నారేమో. ప్రయోగం చేస్తున్నాను.

మా అమ్మాయి గదిలో ఉండి నాణెం ఎగరేస్తుంది. బొమ్మ పడితే స్టూలు మీది బిస్కెట్టు టామీకి పెడుతుంది, బొరుసు పడితే తానే దాచేస్తుంది. తర్వాత వేరే తలుపు గుండా బయటికి పోతుంది, గుర్రం కథ చదివాక ఆ జాగ్రత్త పెట్టాను. నేను వచ్చి, తిట్టకుండా, నవ్వకుండా టామీ మొహం చూసి తిన్నాడో లేదో కాగితం మీద రాస్తాను. వారంలో 12 సార్లు చేశాం. నాకు సరిపోయినవి 6. నాణెం వేసి చెప్పినా అన్నే వచ్చేవి.

అయినా ఒప్పుకోను. రాత్రి పడుకున్నాక తట్టింది. అమ్మాయి తన చేత్తో పెడితే టామీ తిన్నాడు. అందులో వాడి తప్పేముంది? తప్పే లేనప్పుడు తప్పు చేసిన మొహం ఎక్కడి నుంచి వస్తుంది? మీ హొరొవిట్జ్‌గారి కుక్కలకు తినుబండారం ఎవరు పెట్టారో చెప్పండి ముందు.

నిశాచరి · ఆదివారం, రాత్రి 11:45

పరిశోధకులే పెట్టారు. మీ అభ్యంతరం బలమైనదే, శిరసు వంచి ఒప్పుకుంటున్నాను. అందుకే కుక్క తనంతట తానే ఆజ్ఞ మీరేలా ఇంకొకరు మళ్లీ పరీక్ష పెట్టి 2012లో ప్రచురించారు. తిన్న కుక్కలూ తినని కుక్కలూ యజమానిని పలకరించిన తీరులో తేడా కనబడలేదు.

టామీవాళ్లమ్మ · సోమవారం, ఉదయం 6:20

టామీని అందులో చేర్చుకోలేదుగా.